బడి బాగుపడాలి, కాని ఊరి చేయి దాటిపోరాదు

అమెరికా దేశంలోని హ్యూస్టన్ నగర ప్రజలు 2024 నవంబర్ 5న ఒక విచిత్రమైన తీర్పు చెప్పారు. తమ పిల్లలు చదివే ప్రభుత్వ బడులకు కొత్త భవనాలు కట్టడానికి, పాత వాటిని మరమ్మతు చేయడానికి, తాగునీటిలో సీసం చేరకుండా చూడడానికి, చెడిపోయిన ఏసీలు మార్చడానికి 440 కోట్ల డాలర్ల అప్పు తేవాలన్న ప్రతిపాదన ఆ రోజు ఓటర్ల ముందుకు వచ్చింది. దీని కోసం పన్ను రేటు పెంచబోమని అధికారులు హామీ కూడా ఇచ్చారు. అయినా నూటికి 58 మంది దాకా వద్దని ఓటు వేశారు.

బడికి డబ్బు వస్తానంటే వద్దనేవారు ఎవరైనా ఉంటారా? మన ఊళ్లలో బడి గోడ కూలితే కట్టించమని ఏళ్ల తరబడి అర్జీలు పెట్టుకుంటాము. అటువంటిది గుమ్మంలోకి వచ్చిన డబ్బును కాదన్నవారికి పిల్లలంటే ప్రేమ లేదా? చదువు విలువ తెలియదా? అదేమీ కాదు. ఇదే నగరం 2012లో తన బడుల కోసం 189 కోట్ల డాలర్ల అప్పుకు సంతోషంగా ఓటు వేసింది. ఆ 12 ఏళ్ల మధ్య జరిగినది ఒక్కటే. ఆ బడులు ప్రజల చేతిలో నుంచి రాష్ట్ర ప్రభుత్వం చేతిలోకి పోయాయి. "నమ్మకం లేదు, అప్పు లేదు" అన్నది ఆ ఎన్నికలో వ్యతిరేకుల నినాదం. ఆ నాలుగు మాటల్లోనే కథ అంతా ఉంది.

ఎక్కడి హ్యూస్టన్, ఎక్కడి మన జిల్లా అని పాఠకులు అనుకోవచ్చు. అక్కడి పరిసరాల్లో తెలుగు కుటుంబాలు ఎన్నో స్థిరపడ్డాయన్న మాట అటుంచుదాము. బడి ఎవరిది, దాని మంచిచెడ్డలు ఎవరు తేల్చాలి అన్న ప్రశ్న అక్కడా ఇక్కడా ఒక్కటే. అందువల్ల ఆ సంగతి మన రైతులు, కూలీలు, తల్లులు కూడా తెలుసుకోవడం అవసరం.

బడుల కోసమే ఒక పరిషత్తు

అమెరికాలో బడుల పాలన మన పద్ధతికి కొంత భిన్నంగా ఉంటుంది. అక్కడ స్కూల్ డిస్ట్రిక్ట్ అనే స్థానిక సంస్థ ఉంటుంది. మన జిల్లా పరిషత్తు రోడ్లు, నీళ్లు, బడులు అన్నీ చూస్తుంది. అక్కడి ఈ సంస్థ బడులను మాత్రమే చూస్తుంది. దాని సభ్యులను ప్రజలు ఓట్లు వేసి ఎన్నుకుంటారు. వారిని ట్రస్టీలు అంటారు. ఇళ్లు, స్థలాల మీద ఆ ఊరివారు కట్టే పన్నులో కొంత నేరుగా ఈ సంస్థకే చేరుతుంది. ఎన్నికైన బోర్డు ఒక సూపరింటెండెంటును నియమించుకుంటుంది. అతడు మన జిల్లా విద్యాధికారి వంటివాడే, కాని అతడిని తీసివేసే అధికారం ప్రజలు ఎన్నుకున్న బోర్డు చేతిలో ఉంటుంది. అంటే బడిలో టీచరు లేకపోతే ఎవరిని అడగాలో అక్కడి తల్లిదండ్రులకు తెలుసు. అడిగినా పని కాకపోతే వచ్చే ఎన్నికలో ఏం చేయాలో కూడా తెలుసు.

హ్యూస్టన్ స్కూల్ డిస్ట్రిక్ట్ టెక్సాస్ రాష్ట్రంలో అన్నిటికంటే పెద్దది. 2022-23లో దాని కింద 270కి పైగా బడులు, సుమారు 1,89,000 మంది పిల్లలు ఉన్నారు. వారిలో అత్యధికులు మెక్సికో తదితర దేశాల నుంచి వచ్చిన స్పానిష్ మాటల కుటుంబాలవారు, నల్లజాతివారు. పేద కుటుంబాల పిల్లలే ఎక్కువ. బోర్డులో తొమ్మిది మంది ట్రస్టీలు ఉండేవారు.

ఒక్క బడి పేరు మీద

టెక్సాస్‌లో బడులకు కూడా పిల్లలకు వేసినట్టే ఏ, బి, సి, డి, ఎఫ్ అని గ్రేడ్లు వేస్తారు. 2015లో ఆ రాష్ట్ర శాసనసభ ఒక చట్టం చేసింది. ఒక బడి వరసగా ఐదేళ్లు తప్పిన గ్రేడు తెచ్చుకుంటే, రాష్ట్ర విద్యా కమిషనర్ ఆ బడిని మూసివేయాలి, లేదా ఆ డిస్ట్రిక్ట్ బోర్డు మొత్తాన్ని పక్కన పెట్టి తానే మేనేజర్ల బోర్డును నియమించాలి. ఒక్క బడి తప్పితే రెండు వందల పైచిలుకు బడుల పాలన మారిపోతుందన్న మాట. ఒక పొలంలో తెగులు పట్టిందని ఊరి చేలన్నిటికీ సర్కారు కంచె వేసినట్టు ఉంది ఇది.

హ్యూస్టన్‌లో ఆ ఒక్క బడి వీట్లీ హైస్కూలు. బానిసగా అమెరికాకు తీసుకురాబడి కవయిత్రిగా పేరు పొందిన ఫిలిస్ వీట్లీ పేరు దానికి పెట్టారు. తెల్లవారి పిల్లలకు, నల్లవారి పిల్లలకు వేరు వేరు బడులు ఉన్న రోజుల్లో, 1927లో, అది నల్లవారి హైస్కూలుగా మొదలైంది. అమెరికా పార్లమెంటులో గొప్ప వక్తగా పేరు పొందిన బార్బరా జోర్డన్ ఆ బడిలో చదివిన మనిషే. అటువంటి బడి కాలక్రమంలో పేదరికం వల్ల, పాలకుల నిర్లక్ష్యం వల్ల దెబ్బతిని, ఏళ్ల తరబడి తప్పిన గ్రేడులే తెచ్చుకుంది. విశేషమేమంటే ఈ నిబంధన తెచ్చిన శాసనసభ్యుడు హెరాల్డ్ డటన్ కూడా వీట్లీ పూర్వ విద్యార్థే. మా పేట పిల్లలు ఎన్ని తరాలు ఇలా పాడైపోవాలన్నది ఆయన వాదన. ఆ ఆవేదనను తేలిగ్గా కొట్టివేయడానికి వీలు లేదు.

బోర్డు కూడా మచ్చ లేనిదేమీ కాదు. కొందరు ట్రస్టీలు బహిరంగ సమావేశాల చట్టాన్ని తప్పించుకుని చాటుగా కలుసుకున్నారని, కాంట్రాక్టుల వ్యవహారంలో తల దూర్చారని 2019లో రాష్ట్ర విద్యా ఏజెన్సీ దర్యాప్తు ఆరోపించింది. ఆ ఏడాది నవంబర్‌లోనే బోర్డును తొలగిస్తామని కమిషనర్ మైక్ మోరాత్ ప్రకటించారు. బోర్డు కోర్టుకు వెళ్లింది. 2020 జనవరిలో కోర్టు స్వాధీనాన్ని నిలిపివేసింది. మూడేళ్ల తర్వాత, 2023 జనవరిలో టెక్సాస్ సుప్రీం కోర్టు ఆ ఆదేశాన్ని ఎత్తివేసింది. మార్చి 15న స్వాధీన ప్రకటన వెలువడింది.

ఇక్కడే ప్రజల మనసు విరిగింది. కోర్టు వ్యాజ్యం నడిచిన మూడేళ్లలో బడులు ఉన్నచోట ఉండిపోలేదు. 2022 గ్రేడ్లలో వీట్లీ హైస్కూలు 'సి' తెచ్చుకుని గట్టెక్కింది. డిస్ట్రిక్ట్ మొత్తానికి 'బి' వచ్చింది. జబ్బు తగ్గుముఖం పట్టిన తర్వాత రోగిని బలవంతంగా ఆపరేషన్ బల్ల ఎక్కించడం ఏమి న్యాయమని అక్కడివారు అడిగారు. చట్టం ప్రకారం పాత గ్రేడ్లే లెక్క అని ప్రభుత్వం జవాబిచ్చింది. చట్టం మాట చట్టానిదే, ప్రజల ప్రశ్న మాత్రం ప్రశ్నగానే మిగిలింది.

చీటీ మీద రాసి ఇవ్వండి

ప్రకటన తర్వాత ప్రజలకు నచ్చజెప్పడానికి ఏజెన్సీ వారు మార్చి నెలలోనే సభలు పెట్టారు. తెర మీద బొమ్మలు వేసి చూపుతూ స్వాధీనం ఎలా జరుగుతుందో చెప్పుకుపోయారు. ప్రశ్నలు ఉంటే చీటీల మీద రాసి ఇవ్వమన్నారు. వచ్చిన తల్లిదండ్రులకు ఒళ్లు మండింది. మైకు మాకు ఇవ్వండి, మా ప్రశ్నకు మా ముఖం చూసి జవాబు చెప్పండి అని కేకలు వేశారు. సభలు గందరగోళమయ్యాయి. గ్రామసభలో అధికారి కాగితం చదివి జీపెక్కి వెళ్లిపోతే ఊరివారికి కలిగే కోపం ఎటువంటిదో మనకు చెప్పనక్కరలేదు.

2023 జూన్ 1న ఎన్నికైన ట్రస్టీల అధికారం పోయింది. కమిషనర్ నియమించిన తొమ్మిది మంది మేనేజర్లు వచ్చారు. సూపరింటెండెంటుగా మైక్ మైల్స్ అనే ఆయనను కూడా కమిషనరే నియమించారు. అంతకు ముందు ఆయన డల్లాస్‌లో అదే పదవి చేసి, తర్వాత చార్టర్ బడుల సంస్థ ఒకటి నడిపిన వ్యక్తి. పాత ట్రస్టీల పదవులు మాత్రం పోలేదు, పేరుకు ఉన్నాయి. 2023 నవంబర్‌లో ఆ పదవులకు ఎన్నికలు కూడా జరిగాయి. ప్రజలు వరసలో నిలబడి ఓట్లు వేశారు. గెలిచినవారికి కుర్చీ ఉంది గాని కలం లేదు.

మన పాఠకులకు ఇది ఎలా ఉంటుందో వివరించనవసరం లేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2018 ఆగస్టు నుంచి 2021 ఎన్నికల దాకా గ్రామ పంచాయతీలు స్పెషల్ ఆఫీసర్ల పాలనలో ఉన్న సంగతి విదితమే. సర్పంచ్ ఉంటే వీధి దీపం వెలగనినాడు ఆయన ఇంటి అరుగు మీద కూర్చుని నిలదీయవచ్చు. స్పెషల్ ఆఫీసరు మంచివాడే కావచ్చు, కాని ఆయనకు నాలుగైదు ఊళ్ల బాధ్యత, పైగా సొంత ఉద్యోగం. ఆయన జవాబుదారీ పైవారికి, మనకు కాదు. హ్యూస్టన్ బడులకు వచ్చినది సరిగ్గా ఆ స్పెషల్ ఆఫీసర్ల పాలనే.

పుస్తకాల గది పోయింది

కొత్త సూపరింటెండెంటు ఊరికే కూర్చోలేదు. 2023 ఆగస్టులో 28 బడుల్లో కొత్త పద్ధతి ప్రవేశపెట్టారు. మరికొన్ని బడులు తామై చేరడంతో ఆ ఏడాదే వాటి సంఖ్య 85 అయింది. మరుసటి ఏడు 130కి చేరింది. ఆ బడుల్లో టీచర్లకు జీతాలు పెంచారు. పాఠం ఎలా చెప్పాలో పైనుంచే తయారై వస్తుంది. ప్రతి రోజూ పాఠం కాగానే చిన్న పరీక్ష ఉంటుంది. అందులో వెనకబడిన పిల్లలను తరగతిలోనే ఉంచి మళ్లీ చెబుతారు, ముందున్నవారిని వేరే గదికి పంపి సొంతంగా పని చేయిస్తారు. ఆ ముందున్నవారికి, అల్లరి చేసి తరగతి నుంచి బయటికి పంపిన పిల్లలకు కూర్చునే చోటుగా గ్రంథాలయాలను మార్చారు. లైబ్రేరియన్ల ఉద్యోగాలు తీసివేశారు.

గ్రంథాలయం సంగతి హ్యూస్టన్‌లో అగ్గి రాజేసింది. తల్లులు, పిల్లలు, టీచర్లు పుస్తకాలు చేతబట్టుకుని నిరసనగా చదువుతూ కూర్చున్నారు. అప్పటి నగర మేయర్ సిల్వెస్టర్ టర్నర్ కూడా బాహాటంగా ఖండించారు. ఇంట్లో పుస్తకాలు కొనగలిగిన వారి పిల్లల బడుల్లో గ్రంథాలయాలు ఉంటాయి, ఇంట్లో పుస్తకం లేని పేద పిల్లల బడుల్లోనే అవి పోతాయా అన్నది వారి ప్రశ్న. పుస్తకాల గది మూసివేయడం వల్ల ఎన్ని మార్కులు పెరిగాయో చెప్పలేము గాని, ఎంత నమ్మకం తరిగిందో మాత్రం తర్వాతి ఎన్నిక చెప్పింది.

ఒక విషయం నిష్పక్షపాతంగా చెప్పుకోవాలి. మార్కులు పెరిగిన మాట వాస్తవం. 2023 గ్రేడ్లలో 'ఎఫ్' వచ్చిన బడులు 56 ఉండగా, 2025 ఆగస్టులో ప్రకటించిన గ్రేడ్లలో ఒక్కటి కూడా లేదు. లెక్కల్లో, చదవడంలో పిల్లల పరీక్షా ఫలితాలు మెరుగుపడ్డాయి. తమ పిల్లవాడు ఇప్పుడు చక్కగా చదువుతున్నాడని సంతోషించే తల్లులు కూడా అక్కడ లేకపోలేదు. ఈ ఫలితాన్ని దాచిపెట్టి వాదించడం ధర్మం కాదు. బడి తప్పుతుంటే చూస్తూ కూర్చోమని ఎవరూ అనరు.

కాగా నాణేనికి రెండో వైపు కూడా చూడాలి. అదే కాలంలో వేలాది మంది పిల్లలు ఆ బడులు విడిచి వెళ్లారు. 2022-23లో సుమారు 1,89,000 ఉన్న పిల్లల సంఖ్య 2024-25 నాటికి 1,76,000 దరిదాపులకు దిగింది. పిల్లలు తగ్గడం స్వాధీనానికి ముందే మొదలైన మాట నిజమే గాని, ఆ తర్వాత ఆగలేదు. చాలామంది టీచర్లు, హెడ్మాస్టర్లు వెళ్లిపోయారు. వారి స్థానంలో అర్హతా పత్రం లేనివారిని కూడా తీసుకోవలసి వచ్చింది. మార్కుల పట్టీ ఒక్కటే చూసేవారికి ఈ లెక్క కనపడదు. బడి ఖాళీ అవుతుంటే మిగిలినవారి సగటు పెరిగిందని సంబరపడవచ్చునా అని అడిగితే, అది కుంటి ప్రశ్నేమీ కాదు.

ఓటు చెప్పిన మాట

ఇటువంటి పరిస్థితిలో 440 కోట్ల డాలర్ల అప్పు ప్రతిపాదన వచ్చింది. టెక్సాస్ చరిత్రలో బడుల కోసం అంత పెద్ద మొత్తం అడగడం అదే మొదటిసారి. మామూలుగా అక్కడి రెండు పార్టీలు ఉప్పూ నిప్పుగా ఉంటాయి. ఈ విషయంలో మాత్రం స్థానిక డెమోక్రాట్లు, రిపబ్లికన్లు ఇద్దరూ వద్దన్నారు. టీచర్ల సంఘమూ వద్దన్నది. భవనాలు పాతబడ్డాయని అందరికీ తెలుసు. డబ్బు కావాలని కూడా తెలుసు. కాని మనం ఎన్నుకోని వారి చేతికి, మనకు లెక్క చెప్పనక్కరలేని వారి చేతికి, మన పిల్లలు రేపు తీర్చవలసిన అప్పు ఎలా అప్పగిస్తామన్నది వారి మాట.

ఆ ఓటు వల్ల నష్టం ఎవరికి? పిల్లలకే. కారుతున్న పైకప్పు అలాగే ఉంది, పాత గొట్టాలు అలాగే ఉన్నాయి. ఈ పని సరైనదేనా అన్నది అక్కడ ఇప్పటికీ వాదోపవాదాలకు తావిస్తున్నది. కాని ఒక సంగతి తేటతెల్లమైంది. మార్కులను పైనుంచి ఆజ్ఞ వేసి పెంచవచ్చునేమో, నమ్మకాన్ని ఆజ్ఞ వేసి పెంచలేరు. ఊరివారి చేయూత లేనిదే బడి నిలవదు. చేయూత కావలసి వచ్చినప్పుడు ఊరివారు గుర్తుకు వచ్చి, నిర్ణయం చేసేటప్పుడు గుర్తుకు రాకపోతే ఫలితం ఇలాగే ఉంటుంది.

దీని నుంచి టెక్సాస్ ప్రభుత్వం పాఠం నేర్చుకున్నట్టు కనపడదు. హ్యూస్టన్ స్వాధీనాన్ని 2027 జూన్ 1 దాకా పొడిగిస్తున్నట్టు 2025 జూన్‌లో ప్రకటించారు. అదే ఏడాది అక్టోబర్‌లో ఫోర్ట్ వర్త్ నగర బడులను కూడా స్వాధీనం చేసుకుంటామన్నారు. అక్కడ కూడా ఐదేళ్లు తప్పినది ఒకే ఒక బడి. పైగా ఆ బడిని స్థానిక బోర్డు అప్పటికే మూసివేసింది.

ఇరవై రెండేళ్ల పరాయి పాలన

స్వాధీనం అన్నది తాత్కాలికమేనని మొదట్లో ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. న్యూజెర్సీ రాష్ట్రంలోని న్యూఆర్క్ నగర బడులను 1995లో ప్రభుత్వం తీసుకుంది. తిరిగి ఇచ్చినది 2018 ఫిబ్రవరిలో. అంటే 22 ఏళ్లు దాటింది. స్వాధీనం నాడు ఒకటో తరగతిలో చేరిన పిల్లవాడు పెద్దవాడై, తన పిల్లలను బడిలో చేర్చే ఈడు వచ్చేదాకా ఆ ఊరి బడి ఆ ఊరిది కాదు. మధ్యలో 2010లో ఫేస్‌బుక్ అధిపతి జుకర్‌బర్గ్ 10 కోట్ల డాలర్ల విరాళం ప్రకటించారు. దానితోనూ ప్రజల అసంతృప్తి చల్లారలేదు. పేటలోని బడికి బదులు ఊరంతటికీ ఒకే చేరిక పద్ధతి పెట్టి, కొన్ని బడులు మార్చేసరికి 2014లో తల్లిదండ్రులు తిరగబడ్డారు. ఆ ఏడాదే అక్కడి ఒక హైస్కూలు ప్రిన్సిపాల్ రాస్ బరాకా ఈ విధానాన్ని వ్యతిరేకిస్తూ పోటీ చేసి మేయర్‌గా గెలిచారు. 2015 ఫిబ్రవరిలో విద్యార్థులు సూపరింటెండెంటు కార్యాలయంలో రోజుల తరబడి బైఠాయించారు. అదే ఏడు ఆ సూపరింటెండెంటు రాజీనామా చేశారు. ఆ పోరాటాల ఫలితంగానే బడి ఇల్లు చేరింది.

ఫిలడెల్ఫియా నగరానిదీ ఇటువంటి కథే. 2001లో రాష్ట్రం తీసుకున్న బడులు 2018లో గాని నగరం చేతికి రాలేదు. న్యూ ఆర్లియన్స్‌లో 2005 నాటి కత్రినా తుపాను తర్వాత రాష్ట్ర ప్రభుత్వం వందకు పైగా బడులను తన కిందికి తెచ్చుకుంది. వేల మంది టీచర్లు, సిబ్బంది ఉద్యోగాలు కోల్పోయారు. అక్కడ మార్కులు బాగా పెరిగాయని పరిశోధకులు చెప్పారు. ఇళ్లు కొట్టుకుపోయి ఊరు ఊరంతా చెల్లాచెదరైన వేళ బడి కూడా పోయిందన్న బాధ మాత్రం అక్కడి నల్లజాతి టీచర్లను వదలలేదు. ఆ బడులు కూడా 2018 జూలైలో ఎన్నికైన బోర్డు కిందికి తిరిగి వచ్చాయి.

మరి ఇంత చేసినందుకు చదువు బాగుపడిందా? 2011 నుంచి 2016 దాకా అమెరికాలో రాష్ట్రాలు స్వాధీనం చేసుకున్న 35 డిస్ట్రిక్టులను బెత్ షూలర్, జాషువా బ్లైబెర్గ్ అనే ఇద్దరు పరిశోధకులు లెక్కగట్టి 2021లో ఫలితం ప్రకటించారు. మొత్తం మీద చూస్తే స్వాధీనం వల్ల పిల్లల చదువు మెరుగుపడిందనడానికి ఆధారం లేదని తేల్చారు. కొన్నిచోట్ల బాగుపడింది, కొన్నిచోట్ల దిగజారింది. అంటే పాలకుడు మారినంత మాత్రాన పాఠం మారదు. మంచి టీచరు, వేళకు పుస్తకం, ఆకలి తీరిన కడుపు, ఇంటి దగ్గర అడిగే తల్లి ఉంటేనే పాఠం మారుతుంది.

ఇంకొక విషయం గమనించదగినది. ఇలా స్వాధీనానికి గురైన ఊళ్లలో అత్యధికం నల్లజాతివారు, పేదలు ఎక్కువగా ఉండేవే. ఆ జనానికి ఓటు హక్కు వచ్చినది ఎన్నో పోరాటాల తర్వాత. వారు మొట్టమొదట గెలుచుకున్న పదవుల్లో స్కూలు బోర్డు పదవులు కూడా ఉన్నాయి. చేతికి వచ్చిన పదవిని చేతకాదంటూ లాగేసుకుంటే వారికి మార్కుల బాధ కంటే పెద్ద బాధ కలగడం సహజం. చేతకాకపోతే నేర్పాలి, తప్పు చేస్తే శిక్షించాలి. ఎలుకలు ఉన్నాయని ఇంటికి నిప్పు పెట్టుకోము కదా.

మన బడి బోర్డు మీద ఎవరి పేరు?

ఇక మన సంగతికి వద్దాము. మన ఊరి బడి బోర్డు మీద ఏముందో ఒకసారి తలెత్తి చూడండి. మండల పరిషత్ ప్రాథమిక పాఠశాల అనో, జిల్లా పరిషత్ హైస్కూలు అనో ఉంటుంది. ఈ పేర్లు ఊరికే రాలేదు. 1959లో పంచాయతీరాజ్ వచ్చినప్పుడు చిన్న బడులను సమితుల కింద, హైస్కూళ్లను జిల్లా పరిషత్తుల కింద ఉంచారు. 1986 తర్వాత సమితుల స్థానంలో మండలాలు వచ్చాయి. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీలకు అప్పగించదగిన 29 అంశాల్లో ప్రాథమిక, మాధ్యమిక విద్యను కూడా చేర్చింది. బోర్డు మీద పేరు స్థానిక సంస్థదే. పెత్తనం మాత్రం ఏనాడో రాజధానికి చేరింది. హ్యూస్టన్‌లో ఒక్క రోజులో జరిగినది మన దగ్గర అరవై ఏళ్లుగా చప్పుడు లేకుండా జరుగుతూ వచ్చింది. అక్కడివారు కేకలు వేశారు, మనకు తెలియనే లేదు.

తెలిసినది ఎప్పుడంటే, 2022లో. ఆ ఏడాది 117 నంబరు జీవో కింద ప్రాథమిక బడుల్లోని 3, 4, 5 తరగతులను దగ్గరి హైస్కూళ్లకు తరలించినప్పుడు ఊళ్లు ఒక్కసారి ఉలిక్కిపడ్డాయి. బడులు తెరిచిన జూలై మాసంలో రాష్ట్రంలో ఎన్నోచోట్ల తల్లిదండ్రులు పిల్లలతో సహా రోడ్డెక్కారు. ఎనిమిదేళ్ల పిల్ల రోడ్డు దాటి, కాలువ దాటి పోవాలా అని తల్లులు అడిగారు. సబ్జెక్టుకు ఒక టీచరు వస్తాడని ప్రభుత్వం చెప్పింది. ఆ మాటలో కూడా న్యాయం లేకపోలేదు. కాని ఊరివారిని ముందుగా కూర్చోబెట్టి అడిగినవారు ఎందరు? 2024లో ప్రభుత్వం మారింది. 2025లో ఆ జీవో రద్దయి మరో విధానం వచ్చింది. ఒక జీవో రావడం, పోవడం రెండూ పైవారి ఇష్టమే అయినప్పుడు, మధ్యలో తరగతులు మారిన పిల్లల సంగతి ఎవరికి పట్టింది?

మనకు హక్కు లేదని కాదు. 2010 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న విద్యా హక్కు చట్టం ప్రకారం ప్రతి ప్రభుత్వ బడికి యాజమాన్య కమిటీ ఉండాలి. అందులో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి. సగం మంది ఆడవారు ఉండాలి. బడి ఎలా నడుస్తున్నదో చూడడం, బడి అభివృద్ధి ప్రణాళిక తయారు చేయడం, వచ్చిన నిధులు ఎలా ఖర్చయ్యాయో గమనించడం ఆ కమిటీ పని. మధ్యాహ్న భోజనం సంగతి కూడా అది చూడవచ్చు. కాగితం మీద ఇది చిన్న అధికారం కాదు.

ఆచరణలో ఏం జరుగుతున్నదో మనందరికీ తెలుసు. చాలా ఊళ్లలో కమిటీ ఎన్నిక అరగంటలో ముగుస్తుంది. పార్టీల పెద్దలు ముందే పేర్లు అనుకుని వస్తారు. కూలి పోతుందని తల్లులు రారు. తర్వాత తీర్మానాల పుస్తకం ఇంటికే వస్తుంది, చూపించిన చోట సంతకమో వేలిముద్రో పడుతుంది. చైర్మన్ అయిన తల్లికి తాను దేనికి సంతకం పెట్టిందో తెలియదు. ఇందులో తప్పు పైవారిది ఒక్కరిదే అనలేము. వాడని కత్తికి తుప్పు పట్టినట్టే వాడని హక్కుకు కూడా తుప్పు పడుతుంది. అటువంటి హక్కును తీసుకుపోవడం ఎవరికైనా సులభం, పోయినట్టు కూడా తెలియదు.

చేయవలసినది

బడి పాడైతే ప్రభుత్వం కల్పించుకోవడం తప్పు కాదు, కల్పించుకోకపోవడమే తప్పు. ఏళ్ల తరబడి పిల్లలు తప్పుతుంటే స్థానిక పెత్తనం పేరుతో ఊరుకోవడం ఆ పిల్లలకు ద్రోహం చేయడమే. కాని కల్పించుకునే పద్ధతి ఒకటి ఉంటుంది. ఏ బడి చెడిందో ఆ బడికి వైద్యం చేయాలి. మార్పు చేసే ముందు ఊరిని కూర్చోబెట్టి అడగాలి, అడిగిన ప్రశ్నకు అక్కడే జవాబు చెప్పాలి. అధికారం తీసుకోక తప్పనిసరి అయితే ఎన్నాళ్లకు, ఏ ఫలితం వస్తే తిరిగి ఇస్తారో మొదటి రోజే కాగితం మీద పెట్టాలి. గడువు లేని తాత్కాలికం శాశ్వతమే. న్యూఆర్క్ ప్రజలను అడిగితే చెబుతారు.

అలాగే ఊరికి కూడా బాధ్యత ఉంది. హ్యూస్టన్ తల్లిదండ్రులు మైకు కోసం అరవవలసి వచ్చింది. మన చేతిలో ఇంకా మైకు ఉంది, మనమే మాట్లాడడం లేదు. అడగనిదే అమ్మయినా పెట్టదంటారు. ఈసారి బడి కమిటీ సమావేశానికి ఇంటికి ఒకరైనా వెళ్లండి. తీర్మానాల పుస్తకం తెరిపించి, రాసినది పైకి చదివించండి. చదువు రాని తల్లి ఉంటే ఆమె పిల్లతోనే చదివించండి. టీచరు పోస్టు ఖాళీగా ఉంటే ఎన్నాళ్లుగా ఉందో రాయించండి. మరుగుదొడ్డికి తలుపు లేకపోతే అది కూడా రాయించండి. తరగతి తరలిస్తామని, బడి కలుపుతామని పైనుంచి కాగితం వస్తే, ఊరి అభిప్రాయం ఏమిటో ఆ పుస్తకంలోనే తేదీ వేసి తీర్మానం చేయండి. ఖాళీగా ఉన్న కాగితం మీద మాత్రం ఎవరు అడిగినా సంతకం పెట్టకండి.

ఇక అధికారులకు ఒక మనవి. సమావేశాలు కూలి పనుల వేళ కాకుండా సాయంత్రం పూట పెట్టండి. ముందు రోజు ఊళ్లో దండోరా వేయించండి. తల్లిదండ్రులు అడిగితే కోపగించకండి. అడిగే ఊరే రేపు మీ బడికి గోడ కట్టడానికి ఇటుకలు మోస్తుంది. అడగడం మానేసిన ఊరు పిల్లలను ప్రైవేటు బడి బస్సు ఎక్కించి ఊరుకుంటుంది. హ్యూస్టన్ ఓటర్లు కాదన్న 440 కోట్ల డాలర్ల కంటే ఆ నష్టం మన ఊళ్లకు పెద్దది.